నలభై నిమిషాల చల్లదనం

ఆ ఇంటి యజమానిని ఎదురుగా అందరూ అయ్యగారనే అనేవారు. ఆయన అటు తిరగ్గానే, తోటమాలి దగ్గర్నుంచి వంటావిడ దాకా అందరికీ పచ్చదొర. ఒంటిమీద నేత బట్టలు, కాళ్లకి నార చెప్పులు, నోట ఎప్పుడూ భూమాత. భూమి వేడెక్కిపోతోందనీ, మనిషి తన కోరికలు తగ్గించుకోకపోతే మనవళ్లకి నీడ కూడా మిగలదనీ ఆయన మైకు ముందు నిలబడి చెబుతుంటే వినేవాళ్లకి కళ్లు చెమర్చేవి. ఆ మాట చెప్పడానికి నెలకి రెండుసార్లు విమానం ఎక్కేవాడు. ఎక్కిన ప్రతిసారీ ఒక మొక్క నాటాలని నియమం పెట్టుకున్నాడు. నియమం ఆయనది, గుంట తవ్వడం తోటమాలిది.

ఆ ఇంట్లో ఏసీలు బాగుచేసే మెకానిక్‌ని పేటలో చల్లనయ్య అనేవారు. అసలు పేరు అతని భార్యకైనా చటుక్కున గుర్తొచ్చేది కాదు. పాతికేళ్లుగా అదే పని. పెద్దగా మాట్లాడే మనిషి కాడు. రోజూ పొద్దున్నే స్నానం చేసి, దేవుడికి దణ్ణం పెట్టుకుని, "ఇవాళ నా చేత అబద్ధం ఆడించకు తండ్రీ" అని ఒక్కటే కోరుకుని పనిముట్ల సంచి భుజాన వేసుకునేవాడు. ఆ వృత్తిలో అదేమీ చిన్న కోరిక కాదు. గ్యాస్ అయిపోలేదండీ, ఫిల్టర్ కడిగితే చాలు అని నిజం చెప్పి ఎన్ని బేరాలు పోగొట్టుకున్నాడో అతని భార్య వేళ్లు మడిచి చెప్పగలదు. అలాంటివాడికి పచ్చదొర ఇంటి ఏడాది కాంట్రాక్టు దొరకడం దేవుడు చూసిన చల్లని చూపేనని ఇద్దరూ అనుకునేవారు.

ఆ ఇంట్లో పదహారు ఏసీలున్నాయి. ఉన్నట్టు ఎవరికీ తెలియకపోవడమే వాటి గొప్పతనం. లోపలివి పైకప్పుకి కొట్టిన వెదురు బద్దల వెనక దాక్కున్నాయి. బయటి యూనిట్లు పెరటి గోడకి వరసగా, చెక్క జాలీ చాటున నిలబడి పక్కవీధి మీదికి వేడి ఊదుతుంటాయి. ఆ జాలీ మీద మొదట నిజం తీగనే పాకించారు. పదహారు యంత్రాల గాలికి అది వారం తిరక్కుండా మాడి కాగితంలా రాలిపోయింది. రెండోసారి పెట్టిన తీగ ఐదు రోజులే ఆగింది. మూడోసారి ప్లాస్టిక్ తీగ తెప్పించారు. అతిథులొచ్చే రోజున తోటమాలి దానిమీద నీళ్లు చల్లి, పండుటాకులు ఏరుతున్నట్టు వంగి కాసేపు తిరిగేవాడు. ఒకసారి ఒక అతిథి ఆ తీగ కొమ్మ అడిగితే, అంటు కట్టే కాలం కాదని చెప్పి తప్పించుకున్నాడు.

గోడల సంగతీ అంతే. లోపల కాంక్రీటు, పైన అర అంగుళం మట్టి పూత. ఇక్కడి మట్టి రంగు అయ్యగారి మనసుకి నప్పలేదని, ఎక్కడి నుంచో లారీల్లో మోయించారు. హాలు తూర్పు వైపు గోడంటూ లేదు, నేల నుంచి కప్పు దాకా ఒకటే అద్దం. సూర్యోదయాన్ని చూస్తూ, తక్కువతో బతకడం గురించి పుస్తకం రాసుకోవడానికి.

చల్లనయ్య ఇవన్నీ చూసేవాడు, మాట్లాడేవాడు కాదు. చెప్పే మాట మంచిదే కదా, చెప్పే ఆయన సంగతి ఆయనకీ దేవుడికీ మధ్య అనుకునేవాడు. పైగా తను చేసే పని మాత్రం ఏమిటి? ఒకరి గదిలోని వేడి ఎత్తి ఇంకొకరి వీధిలో పారబోయడమే. తన చేతికి మసి ఉండగా ఎదుటివాడి మొహం వైపు వేలు చూపించడానికి అతనికి మనసొప్పేది కాదు.

ఎండలు ముదురుతున్న రోజుల్లో ఒకనాడు ఫిల్టర్లు కడుగుతుంటే పచ్చదొరగారి సెక్రటరీ వచ్చి పక్కన నిలబడ్డాడు. బాగా చల్లబడ్డాక మిషన్లన్నీ ఆపేస్తే హాల్లో చలవ ఎంతసేపు నిలుస్తుందని అడిగాడు. కరెంటు కోత గురించి కాబోలనుకుని చల్లనయ్య హాలంతా ఒకసారి కొలిచినట్టు చూసి, "తలుపులు తియ్యకపోతే నలభై నిమిషాలు సార్. ఆ తర్వాత ఆ అద్దం ఊరుకోదు" అన్నాడు. సెక్రటరీ ఆ నలభైని ఫోనులో రాసుకుని, చాలా సంతోషించి, అతనికి టీ ఇప్పించాడు. ఆ ఇంట్లో అతనికి టీ ఇవ్వడం అదే మొదటిసారి. అప్పుడే అనుమానం రావాల్సింది.

సంగతి తర్వాతి వారం చెల్లెలింట్లో తెలిసింది.

చల్లనయ్యకి ఒక్కతే చెల్లెలు. మొగుడు పోయాక బట్టలు కుట్టుకుంటూ, ఐదేళ్ల కూతురితో రేకుల ఇంట్లో ఉండేది. కిందటి వేసవిలో ఒక మధ్యాహ్నం ఆ రేకుల కింద పిల్ల సొమ్మసిల్లి పడిపోయింది. ఆసుపత్రిలో పిల్ల కళ్లు తెరిచేదాకా చల్లనయ్య బయట వరండాలో నిలబడి, ఊరందరి ఇళ్లూ చల్లబరిచే చేతుల్ని చూసుకుని సిగ్గుపడ్డాడు. చెల్లెలింట్లో ఏసీ పెడదామంటే ఆ రేకులూ, ఆ సందులూ, ఆ వైర్లూ దానికి పనికిరావు. అలాంటి చెల్లెలికి ఇప్పుడొక సేవాసంస్థ కట్టబోయే రెండు వందల ఇళ్లలో ఒకటి వచ్చింది. నలభై ఒకటో నంబరు. కాగితం చూపించి, మొహం ఇంత చేసుకుని చెప్పింది.

"నువ్వెళ్లే ఇంటాయన లేడూ అన్నయ్యా, మా ఇళ్ల ప్లాను ఆయనదేనట. అచ్చం ఆయన ఇంటిలాగే మట్టి గోడలు. ఫ్యానూ అక్కర్లేదట. నువ్వు రోజూ చూస్తావు కదా, నిజంగానే అంత చల్లగా ఉంటుందా?"

చల్లనయ్య మంచినీళ్లు అడిగి, గ్లాసు ఖాళీ అయ్యాక కూడా తాగుతున్నట్టే ఉండిపోయాడు.

మర్నాడు సెక్రటరీ బల్లమీద ఆ ప్లాను అతని కంట పడింది. కాంక్రీటు గోడకి అర అంగుళం మట్టి. గోడే చల్లగా ఉంచుతుంది కాబట్టి పైకప్పు ఎత్తు తగ్గించారు. గాలి అవసరం లేదు కాబట్టి కిటికీ ఒక్కటే. ఫ్యానుకి కొక్కెం కూడా గీయలేదు. చల్లనయ్య చదువుకున్నది తక్కువే గానీ గదిని చూస్తే దాని వేడి చెప్పగలడు. అది ఇల్లు కాదు, మూతపెట్టిన గిన్నె. ఆ గిన్నెలో మేనకోడలు నిద్రపోతున్నట్టు అతనికి కనిపించింది.

అసలు కథంతా సెక్రటరీయే విప్పి చెప్పాడు. ప్లాను ఒప్పుకునే ముందు సేవాసంస్థ వేసిన ముగ్గురి కమిటీ ఒకటి వచ్చి ఈ ఇంట్లో కూర్చుని చూస్తుంది. ముందు రాత్రంతా మిషన్లన్నీ తిరగాలి. పదకొండింటికి వాళ్లొస్తారు, పది నిమిషాల ముందు అన్నీ ఆపాలి. పదకొండున్నరకి వాళ్లని సాగనంపుతారు. నలభై నిమిషాలని నువ్వే కదా చెప్పావ్ అని భుజం తట్టాడు. అయ్యగారి తల్లి పెద్దమ్మగారి గదిలోది పాతది, చప్పుడెక్కువ, అదీ ఆపెయ్యాలి. ఎవరైనా అడిగితే నువ్వు ఈ మట్టి పని చేసిన మేస్త్రివి.

"నేను మేస్త్రిననే మాట నా నోట్లోంచి రాదు సార్."

"నీ నోటితో పనేముంది? నేనే చెబుతా. నువ్వు ఊరికే నిలబడు."

చల్లనయ్య ధైర్యం కూడదీసుకుని అయ్యగారి దగ్గరికే వెళ్లాడు. ఆయన అప్పుడే విమానం దిగి వచ్చి, చలి పుట్టేలా ఏసీ వేయించిన గదిలో దుప్పటి కప్పుకుని, వేసవి కష్టాల మీద వ్యాసం చెబుతున్నాడు. చల్లనయ్య చెప్పిందంతా ఓపిగ్గా విన్నాడు. ఆయన గొంతు ఎప్పుడూ పెరగదు. "అబద్ధమనకు బాబూ. అది చాలా వేడి మాట. వాళ్లకి మేమొక అనుభూతినిస్తున్నాం. మనసు చల్లబడితే ఒళ్లు అదే చల్లబడుతుంది" అన్నాడు. ఆ పేదవాళ్లకి కోరికలు తక్కువ కాబట్టి వేడి కూడా తక్కువే తెలుస్తుందని కూడా అన్నాడు. తలుపు సరిగ్గా వేసి వెళ్లు, చలవ పోతుంది అన్నది ఆఖరి మాట.

కమిటీ వచ్చే రోజు పొద్దున దణ్ణం పెట్టుకునేటప్పుడు చల్లనయ్యకి మామూలు మాట నోట రాలేదు. అబద్ధం ఆడించకు అని అడగడం సులువే. నోరు మూసుకుని నిలబడటం అబద్ధమవునా కాదా? ఎదురుగా పటంలో ఉన్న దేవుడు ఆ విషయంలో నోరు విప్పలేదు. చల్లనయ్యకి చప్పున నవ్వొచ్చింది. ఈయన కూడా నాలాంటివాడే అనుకుని, వెంటనే చెంపలేసుకుని బయల్దేరాడు.

పదకొండింటికి కమిటీ వచ్చింది. దానికి పెద్ద ఒకావిడ, వంతెనలు కట్టి రిటైరైన ఇంజనీరు. ఆవిడతో బొద్దుగా ఉన్న ఒక ప్రొఫెసరూ, సేవాసంస్థ తరపు మనిషి ఒకతనూ. బయట ఎండ మాడ్చేస్తోంది. హాల్లో అడుగు పెట్టగానే ముగ్గురూ ఒక్కసారిగా "ఆహా" అన్నారు. ప్రొఫెసరుగారైతే భుజం మీది శాలువా తీసి నిండా కప్పుకున్నాడు. ఇంజనీరమ్మ మట్టి గోడకి అరచెయ్యి ఆనించి, కళ్లు మూసుకుని కాసేపు అలాగే ఉండిపోయింది. పచ్చదొర తల వంచుకుని, "అంతా మట్టి తల్లి దయ. మేం అడ్డు తప్పుకున్నాం, అంతే" అన్నాడు. సంస్థ మనిషి ఆ మాట కాగితం మీద రాసుకుని కింద రెండు గీతలు గీశాడు.

పదకొండూ ఇరవై ఐదయింది. సంతకాల కాగితాలు బల్లమీదికి వచ్చాయి. సెక్రటరీ గడియారం కేసి చూసి తృప్తిగా ఊపిరి పీల్చుకున్నాడు. ఇంజనీరమ్మ కలం మూత తీసి, మళ్లీ పెట్టి, ఈ గోడలు పూసిన మేస్త్రి ఎవరో చూడాలని ఉందంది. సెక్రటరీ సిద్ధంగానే ఉన్నాడు. మూల నిలబడ్డ చల్లనయ్యని ముందుకి తోసి, ఇతనేనండీ, మాట్లాడటం రాదు గానీ చెయ్యి బంగారం అన్నాడు.

"ఇంత చలవ ఎలా వచ్చిందండీ? నాకు అర్థమయ్యేలా చెప్పండి" అని ఆవిడ మర్యాదగా అడిగింది.

చల్లనయ్య గోడ గడియారం చూశాడు. నలభై నిమిషాలు. ఆ లెక్క తనదే. దాన్ని వాళ్లు వాడుకున్నారు. తను మాత్రం ఎందుకు వాడుకోకూడదు? మనసులో దేవుణ్ణి తలుచుకుని, జీవితంలో ఎన్నడూ లేనిది, నోరు తెరిచాడు.

"చలవ అనేది వస్తువు కాదమ్మా. వేడి లేకపోవడమే చలవ. ఆ వేడిని ఎవరో ఒకరు ఎత్తి బయట పడెయ్యాలి" అని మొదలుపెట్టాడు. అక్కణ్ణుంచి ఇక ఆగలేదు. వేడి గదిలోకి ఎన్ని దారుల్లో వస్తుందో చెప్పాడు. పైకప్పు నుంచి ఎంత, కిటికీ నుంచి ఎంత, మనుషుల ఒంటి నుంచి ఎంత. హాల్లో ఇప్పుడు ఎంతమంది ఉన్నారో ఇంజనీరమ్మ చేతే లెక్కపెట్టించాడు. పని నేర్పిన గురువుని తలుచుకుని, ఆయన గది మధ్యలో నిలబడి మెడ వెనక గాలి తగిలే తీరుని బట్టి కిటికీ ఎటుందో చెప్పేవాడని వివరించాడు. గోడ మీది మట్టి మందం చెప్పేటప్పుడు, అంగుళంలో సగం అంటే ఎంతో వేలితో కొలిచి చూపించాడు. అద్దం దగ్గరికి తీసుకెళ్లి, చెయ్యి పెట్టి చూడమన్నాడు. ఆవిడ పెట్టి, చప్పున వెనక్కి తీసుకుంది.

అతను చెప్పినదాంట్లో ఒక్క ముక్క అబద్ధం లేదు.

సెక్రటరీ దగ్గాడు. చల్లనయ్య వినిపించుకోలేదు. సెక్రటరీ ఇంకోసారి దగ్గేసరికి, పాపం, దుమ్ము పట్టినట్టుంది, మంచినీళ్లు తాగి రండి సార్ అన్నాడు. పచ్చదొర చిరునవ్వు చెదరకుండా విమానానికి వేళవుతోందన్నాడు. ఇంజనీరమ్మ అక్కడున్న వెదురు ముక్కాలిపీట లాక్కుని కూర్చుంది. "మీరు వెళ్లిరండి, మేం వింటాం" అంది. ఆయన ఎలా వెళ్తాడు?

పన్నెండు దాటింది. ప్రొఫెసరు శాలువా మొదట భుజం మీదికి, తర్వాత ఒళ్లోకి, తర్వాత నేలమీదికి దిగింది. సంస్థ మనిషి తను రాసుకున్న కాగితంతోనే, కింది రెండు గీతలతో సహా, విసురుకోవడం మొదలుపెట్టాడు. పచ్చదొర నేత చొక్కా వీపుకి అతుక్కుపోయింది. మట్టి తల్లి దయ పైకప్పు నుంచి కిందికి ఆవిరిలా దిగుతోంది.

అప్పుడు పక్కగది తలుపు తెరుచుకుంది. పచ్చదొర తల్లి, తొంభైకి దగ్గరపడ్డ మనిషి, చెవుడు కాబట్టి గట్టిగా మాట్లాడే అలవాటు. కర్ర ఊతంతో, కొంగుతో మెడ తుడుచుకుంటూ గడప దాకా వచ్చింది. సెక్రటరీ పరిగెత్తి అడ్డం వెళ్లబోయాడు గానీ ఆవిడ కర్ర అతనికన్నా ముందుంది.

"ఒరే అబ్బాయ్, నా గదిలో ఏసీ ఎవర్రా ఆపింది? ఉడికి చస్తున్నా." అంటూనే చల్లనయ్యని చూసి మొహం విప్పార్చింది. "నువ్వొచ్చావా నాయనా? నువ్వుండి కూడా ఇలా ఉక్కపోతేమిటి? అన్నీ ఒకేసారి చెడిపోయాయా?"

ఇంజనీరమ్మ పీట మీంచి లేచి, వెదురు బద్దల కప్పు కేసి ఒకసారి చూసి, చల్లనయ్య ముందుకొచ్చింది.

"మీరు మేస్త్రా, మెకానిక్కా?"

సెక్రటరీ కళ్లతోనే కాళ్లు పట్టుకున్నాడు. చల్లనయ్యకి ఏడాది కాంట్రాక్టు గుర్తొచ్చింది. నలభై ఒకటో నంబరూ గుర్తొచ్చింది.

"మెకానిక్‌నమ్మా. పదహారు మిషన్లు, రాత్రి నుంచీ తిరిగాయి. మీరొచ్చే ముందు నేనే ఆపాను. ముందే చెప్పకపోవడం నా తప్పు." బల్లమీది కాగితాల కేసి చెయ్యి చూపించాడు. "ఆ ప్లానులో కిటికీ ఒక్కటే గీశారమ్మా. నలభై ఒకటో ఇల్లు మా చెల్లెలిది. పిల్లది వేడికి తట్టుకోలేదు."

ఆవిడ సంతకం కాగితాన్ని తీసి నాలుగు మడతలు పెట్టి సంచిలో వేసుకుంది. అందరూ ఇక పచ్చదొర పని అయిపోయిందనుకున్నారు. ఆయన్ని సరిగ్గా ఎరగనివాళ్లు. ఆయన మొహం తుడుచుకుని, చేతులు జోడించి నవ్వాడు. "నేను కోరుకున్నది ఇదే. మనలాంటి చదువుకున్నవాళ్లం కూడా చల్లగాలికి ఎంత తేలిగ్గా లొంగిపోతామో నిరూపించాలనుకున్నాను. ఈ ప్రయోగంలో మీరంతా చక్కగా పాల్గొన్నారు" అన్నాడు. ప్రొఫెసరు శాలువా ఏరుకుంటూ, చాలా లోతైన ప్రయోగం అన్నాడు.

పెద్దమ్మగారికి ఇవేవీ వినపడలేదు. ఏసీ వెయ్యమంది, అంతే. చల్లనయ్య వెళ్లి వేశాడు. ఆ ఇంట్లో కాంట్రాక్టు కింద అతను చేసిన ఆఖరి పని అదే. సాయంత్రానికి సెక్రటరీ ఫోన్ చేసి, పర్యావరణ కారణాల వల్ల ఒప్పందం రద్దు చేస్తున్నామని చెప్పాడు.

భార్య విని, "మాట్లాడక మాట్లాడక మాట్లాడితే ఇల్లు కూల్చేలా మాట్లాడావు కదయ్యా" అంది. కానీ పళ్లెంలో రోజూకన్నా ఒక గరిటె ఎక్కువే వడ్డించింది. పచ్చదొర ఇంటికి కొత్త మెకానిక్ కుదిరాడు. పెద్దమ్మగారు మాత్రం అతన్ని తన గది గడప తొక్కనివ్వలేదు. నెలకోసారి మనిషిని పంపి చల్లనయ్యనే పిలిపించుకునేది. పెరటి దారిన రమ్మనేవారు. ప్లాస్టిక్ తీగ చాటు నుంచి, పదహారు యూనిట్ల వేడిగాలి మధ్య నుంచి వెళ్లేవాడు.

పచ్చదొరకి ఆ ప్రయోగం బాగా కలిసొచ్చింది. తనలోని కపటాన్ని తానే ఒప్పుకున్న మహానుభావుడని పేరొచ్చింది. "నా ఇంట్లో పదహారు అబద్ధాలు" అనే ప్రసంగం ఇవ్వడానికి ఇప్పుడు నెలకి నాలుగుసార్లు విమానం ఎక్కుతున్నాడు. ఆ అబద్ధాలు పదహారూ ఇప్పటికీ చక్కగా పనిచేస్తున్నాయి. ఒప్పుకున్నాక దాచే పని లేదు కాబట్టి పదిహేడోది కూడా బిగించుకున్నాడు. తోటమాలి గుంటలు తవ్వలేక సెలవు పెట్టాడు.

కమిటీ ఇంజనీరమ్మ తర్వాత రెండుసార్లు చల్లనయ్యని పిలిపించి, ఆ రోజు హాల్లో సగంలో ఆగిన మాట పూర్తి చెయ్యమంది. చాలా తక్కువ మాటల్లో చెప్పాడు. కప్పు ఎత్తు పెంచమన్నాడు. ఎదురెదురు కిటికీలు, పడమట వసారా, కప్పు మీద గాలాడే ఇంకో పల్చటి కప్పు. మట్టి వెయ్యదలిస్తే మూరెడు మందం వెయ్యమన్నాడు. ఫ్యానుకి కొక్కెం మర్చిపోవద్దన్నాడు.

పై వేసవికి ఇళ్లు పూర్తయ్యాయి. మిట్టమధ్యాహ్నం చల్లనయ్య నలభై ఒకటో నంబరుకి వెళ్లేసరికి మేనకోడలు రెండు కిటికీల మధ్య నేలమీద నిద్రపోతోంది. నుదుటిమీద జుట్టు గాలికి కదులుతోంది. అతను చెప్పులు విప్పి, లోపలికొచ్చి, ఇంజనీరమ్మలాగే గోడకి అరచెయ్యి ఆనించి నిలబడ్డాడు. నలభై నిమిషాలు అక్కడే కూర్చున్నాడు. ఆ పైన ఇంకో గంట కూర్చున్నాడు.

చెల్లెలు కుట్టు మిషన్ ఆపి చూసి, "ఏమిటన్నయ్యా, గోడకి జ్వరం చూస్తున్నావా?" అంది.

"లేదు. తగ్గిందా లేదా అని."

"తగ్గింది గానీ, నీకే కష్టం. ఇలాంటి ఇళ్లు నాలుగు పేటల్లో కడితే నిన్నెవరు పిలుస్తారు?"

అది నిజమే. చల్లనయ్య పిల్ల లేవకుండా మెల్లిగా నవ్వి, తనూ సంచి తలకింద పెట్టుకుని నేలమీద నడుం వాల్చాడు.